పావు ట్యాంకు

కారుకి కొత్తది బిగించాక, అరిగిపోయిన క్లచ్ ప్లేటుని మెకానిక్కు పాత కాగితంలో చుట్టి తెచ్చి వసారా మెట్టు మీద పెట్టాడు. కొడుకు దాన్ని తీసి అటూ ఇటూ తిప్పి చూసి, తండ్రి ఒళ్ళో పెట్టాడు. ఆ ఇంట్లో ఇనుప వస్తువు ఏది పాడైనా చివరికి పెద్దాయన చేతుల్లోకి రావాల్సిందే. ఆయన జీవితమంతా లేతు మిషను ముందు నిలబడి షాఫ్టులు, బుష్షులు తిప్పినవాడు. వీధిలో అందరూ టర్నరుగారనే అంటారు. ఇప్పుడు రెండు కళ్ళమీదా తెల్లటి పొర కమ్మి, ఎదురుగా మనిషి నిలబడితే వెలుతురుకి ఏదో అడ్డమొచ్చిందని మాత్రం తెలుస్తుంది. కానీ వేళ్ళు ఇంకా పదునుగానే ఉన్నాయి. బొటనవేలితో ప్లేటు చుట్టూ ఒకసారి రాసి చూశాడు. గరుకుగా ఉండాల్సిన చోటంతా నున్నగా జారుతోంది. రివెట్లు పైకి తేలాయి.

"కాలు పెడల్ మీదే పెట్టుకుని నడిపితే ఇలాగే అవుతుందండీ," అన్నాడు మెకానిక్కు.

"రొట్టెల తిరుగుడు కదా," అన్నాడు కొడుకు నవ్వుతూ. "వీధికో చోట ఆగాలి, మళ్ళీ కదలాలి. అరక్కేం చేస్తుంది?"

ఆ రోజు సెలవు. కొడుకు స్నేహితులిద్దరు వచ్చి ఉన్నారు. వాళ్ళూ నవ్వారు. గుమ్మం లోపల కోడలు బేకరీ ట్రేలు కడిగి తుడుస్తోంది. రేకు మీద గుడ్డ రాస్తున్న చప్పుడు ఒక్క క్షణం ఆగింది. టర్నరుకి అది వినిపించింది. ఆమె ఏదైనా అంటుందేమోనని ఆగాడు. మాట ముగించడానికి అన్నట్టు ఆయనే తీర్పు చెప్పేశాడు: "ఆడవాళ్ళ కాలు క్లచ్ మీదే ఉంటుందిలేరా." గుడ్డ చప్పుడు మళ్ళీ మొదలైంది.

తర్వాత స్నేహితుల్లో ఒకడు కారు ఎంతిస్తోందని అడిగాడు. కొడుకు గొంతులోకి హుషారొచ్చింది. లీటరుకి ఇరవై రెండు దాటుతోందని, ఆ సైజు బండికి అంత రావడమంటే మాటలు కాదని, బండి ఎవరి చేతిలో ఉందో అదీ ముఖ్యమని చెప్పాడు. స్నేహితుడు నమ్మలేదు. తన పెద్ద కారు అందులో సగం కూడా ఇవ్వడం లేదన్నాడు. కొడుకు వాళ్ళిద్దరినీ తీసుకెళ్ళి, బానెట్ ఎత్తి, ఇంజను చూపించి, పికప్ గురించి చెప్పి, వీధి చివరిదాకా ఒక చుట్టు తిప్పి తెచ్చాడు. ఆ వెళ్ళడం, రావడం రెండూ వీధి వీధంతా విన్నది.

ఆ విధంగా ఒకే పూట, ఒకే వసారాలో, అరుగుదల ఆమెకీ, మైలేజీ అతనికీ పంచిపెట్టేశారు. ఆ పంపకంలో తిరకాసు ఉందని ఎవరికీ తట్టలేదు. కారు రోజూ తెల్లవారకముందు, కోడలి చేతిలో, దుకాణాలకి రొట్టెలు పంచడానికే ఎక్కువ తిరుగుతుంది. కొడుకు నడిపేది సెలవురోజుల్లో, ఊరేగింపులా నలుగురినీ ఎక్కించుకున్నప్పుడు. అప్పుడు కోడలు అడక్కుండానే తాళం అతని చేతికిచ్చి వెనక్కి వెళ్ళి కూర్చుంటుంది.

అది చిన్న కారు. ముందు ఇద్దరు, వెనక ఇద్దరు సుఖంగా, ముగ్గురైతే సర్దుకుని కూర్చోవచ్చు. మూడు సిలిండర్ల ఇంజను. వీధి వాళ్ళు అగ్గిపెట్టె అంటారు. కొడుకుకి ఆ మాట గిట్టదు. అందుకే దాని నెత్తిమీద ఇనుప క్యారియర్ బిగించాడు, వెనక డిక్కీలో సగం మింగేసే స్పీకరు పెట్టె పెట్టించాడు. చిన్నదే అయినా చూస్తే పెద్దదాన్ని చూసినట్టు ఉండాలని అతని తాపత్రయం.

ఆ వారంలోనే పెట్రోలు ట్యాంకర్లు నడిపేవాళ్ళు సమ్మె కట్టారు. మొదట రెండు రోజులు జనం బంకుల ముందు వరసలు కట్టారు. తర్వాత బంకులకి తాళ్ళు కట్టేశారు. బస్సులు డిపోలోనే నిలిచిపోయాయి. వీధిలో హారన్లు తగ్గి, సైకిలు బెల్లులు ఎక్కువయ్యాయి. టర్నరుకి అది బాగానే ఉంది. వసారాలో కూర్చుని చెవులకి విశ్రాంతి దొరికిందన్నాడు.

ఆ మాట అన్న మధ్యాహ్నమే కంటి ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది.

ఇంట్లో పెద్దావిడ, టర్నరు భార్య, ఫోనెత్తి, రెండు మాటలు విని, కుర్చీలో కూర్చుండిపోయింది. ఎవరో పోయారట. వాళ్ళ ఇంటివాళ్ళు కళ్ళు ఇచ్చారట. వరసలో టర్నరు పేరు ముందుకొచ్చింది. రేపు మధ్యాహ్నంలోపు ఆసుపత్రికి చేరితే రేపే ఆపరేషన్. రాలేకపోతే చెప్పండి, తర్వాతి వాళ్ళని పిలుస్తాం అని అవతలి అమ్మాయి చాలా మర్యాదగా చెప్పింది. ఆ ఫోను కోసం ఆ ఇల్లు ఎన్నాళ్ళనించి ఎదురుచూస్తోందో ఆ అమ్మాయికి తెలియదు. ఆసుపత్రి ఉన్నది నగరంలో. మధ్యలో ఘాటు రోడ్డు ఉంది.

కొడుకు పని మానేసి పరుగెత్తుకొచ్చాడు. డబ్బా పట్టుకుని సైకిలేసుకుని ఊరంతా తిరిగాడు. బంకు వాళ్ళని, తెలిసినవాళ్ళని, తెలియనివాళ్ళని, కార్లున్న స్నేహితులని అడిగాడు. పెద్ద కారు స్నేహితుడి ట్యాంకు ఎప్పుడో ఎండిపోయింది. టాక్సీల వాళ్ళు చేతులెత్తేశారు. అంబులెన్సుకి ఫోను చేస్తే, ఉన్న కాస్త పెట్రోలూ కాన్పులకీ ప్రమాదాలకీ దాచామని, కన్ను ఒకరోజు ఆగితే ప్రాణం పోదని అన్నారు. వాళ్ళ మాటా నిజమే. సాయంత్రం అతను తిరిగొచ్చి డబ్బా నేలమీద పెట్టిన చప్పుడులోనే టర్నరుకి సంగతి తెలిసిపోయింది. ఖాళీ డబ్బా చప్పుడు వేరు.

"పోనీలేరా," అన్నాడు. "ఇన్నాళ్ళు ఆగాను. ఇంకోసారి పిలుస్తారు."

 ఆ ఇంకోసారి అంత త్వరగా రాదని అందరికీ తెలుసు.

కారులో పావు ట్యాంకు ఉంది. ముల్లు పావు గీత మీద కాక, దానికి కాస్త కిందే ఉంది. కొడుకు మనసులో లెక్కలు వేసుకుంటూ వసారాలో ఇటూ అటూ నడిచాడు. తను తీసుకెళ్తానని, చూద్దామని, మధ్యలో ఎక్కడైనా దొరక్కపోతుందా అని అన్నాడు. అన్నాక ఆగిపోయాడు. కోడలు గుమ్మం దగ్గర నిలబడి ఉంది.

"ఘాటు ఎక్కాలంటే మీరు..." అని ఆమె మొదలుపెట్టి, మానేసింది.

మామూలు రోజైతే ఆ సగం మాటకి అతను పూర్తి జవాబు చెప్పి ఉండేవాడు.  ఈసారి "నువ్వైతే?" అని అడిగాడు.

"వెళ్తుందండీ," అంది కోడలు. "తిరిగి రావడం సంగతి తర్వాత చూసుకుందాం."

కొడుకు వసారా దిగి వెళ్ళాడు. కాసేపట్లో స్పానరు చప్పుడు వినిపించింది. టర్నరు చెవి ఒగ్గి విన్నాడు. కారు నెత్తిమీది క్యారియర్ విప్పుతున్నాడు. గాలికి అది అడ్డం పడుతుందని, బరువు కూడానని కోడలు చెప్పిందట. ఒక నట్టు తుప్పు పట్టి మొండికేసింది. టర్నరు తడుముకుంటూ వెళ్ళి, దానిమీద నాలుగు చుక్కల నూనె వేయించి, ముందు బిగించే వైపుకి రవ్వంత తిప్పి తర్వాత వదులు చెయ్యమన్నాడు. అది దారికొచ్చింది. క్యారియర్ దిగింది. ఆ తర్వాత డిక్కీలోంచి స్పీకరు పెట్టె దిగింది. దాన్ని కొడుకు ఒక్కడే ఎత్తి, ఆయాసపడుతూ, వసారా మూలకి చేర్చాడు. ఎంత ఇష్టపడి కొనుక్కున్నాడో అంత జాగ్రత్తగా దింపాడు. రొట్టెల అరలు, తాడు, గొడుగులు, సీటు కింద ఎప్పటివో నీళ్ళ సీసాలు అన్నీ బయటికొచ్చాయి. సైకిలు పంపుతో నాలుగు టైర్లకీ గాలి కొట్టాడు. ఒక్కో టైరుకి చొక్కా తడిసిపోయింది.

అంతా అయ్యాక అతను తల్లితో, తను రావడం లేదని చెప్పాడు. కారులో తన బరువు దండగ. ఆపరేషను అయిన మనిషి దగ్గర ఒకరుండాలి గనక అమ్మ వెళ్తుంది.

"అంటే నేను తేలికనేగా నీ ఉద్దేశం," అంది పెద్దావిడ. "ఈ వయసులో మెచ్చుకున్నావు, సంతోషం."

మరి పొద్దున రొట్టెలెవరు పంచుతారని కోడలు అడిగింది. సైకిలు మీద తను పంచుతానన్నాడు. ఆమె ఏ దుకాణానికి ఎన్నో, ఎవరు తొందరగా తెరుస్తారో, ఎవరి కుక్క కరుస్తుందో చెబుతుంటే వింటూ ఉన్నాడు. పెళ్ళైనప్పటినించి ఆమె అంతసేపు మాట్లాడటం, అతను అంతసేపు అడ్డురాకుండా వినడం టర్నరు ఎరగడు.

తూర్పు తెల్లబడుతుండగా బయల్దేరారు. కొడుకు తాళం ఆమె చేతికిచ్చి, ఒక అడుగు వెనక్కి వేశాడు. గేరు గురించి గాని, బ్రేకు గురించి గాని ఒక్క సలహా చెప్పలేదు. జాగ్రత్త అని కూడా అనలేదు.

టర్నరు ముందు సీట్లో కూర్చుని, అలవాటు ప్రకారం కిటికీ పైనున్న పిడి గట్టిగా పట్టుకున్నాడు. కారు బయల్దేరగానే ఒక కుదుపు వస్తుంది, మెడ వెనక్కి వెళ్ళి ముందుకొస్తుంది, అప్పుడు పిడి వదలొచ్చు. ఆ కుదుపు కోసం ఎదురుచూశాడు. ఇంజను మెత్తగా తిరుగుతోంది. ఎక్కడో ఒక పక్షి అరిచింది. కిటికీలోంచి చల్లగాలి తగిలింది. ఎంతసేపటికీ కుదుపు రాలేదు.

"ఏమ్మా, ఏమైనా మర్చిపోయావా? బయల్దేరవేం?" అని అడిగాడు.

వెనకసీట్లోంచి పెద్దావిడ నవ్వింది. "ఊరు దాటుతున్నామండీ."

ఆయన పిడి వదిలి చెయ్యి ఒళ్ళో పెట్టుకున్నాడు. కాస్త సిగ్గేసింది. తర్వాత అదొక పనిలా వినడం మొదలుపెట్టాడు. రోజూ తెల్లవారకముందు ఈ కారు తన కిటికీ పక్కనుంచే వెళ్తుంది. ఏనాడూ తనకి మెలకువ రాలేదు. కొడుకు వస్తే మాత్రం మూడిళ్ళ అవతలనించే తెలుస్తుంది. ఈ తేడా ఇన్నాళ్ళూ చెవిలోనే ఉంది, తలలోకి మాత్రం వెళ్ళలేదు.

లేతు మీద మంచి పనివాడు పెట్టిన పట్టు ఎలా ఉంటుందో అలా ఉంది ఆమె నడపడం. టూలు ఇనుముని తాకినట్టు కూడా తెలియకుండా తాకుతుంది, చుట్ట చుట్టుకుంటూ తెగని ఇనుప పొట్టు వస్తుంది. గేరు మారినప్పుడు ఇంజను గొంతు ఒక మెట్టు దిగుతుంది, అంతే. దాన్ని మూలగనివ్వదు, అరవనివ్వదు. అది ఎక్కడ హాయిగా ఉంటుందో అక్కడే ఉంచుతుంది. అంత చిన్న ఇంజనులో అంత ఓపిక ఉందని ఆయనకి ఇప్పుడే తెలిసింది. మూడు సిలిండర్లు ముగ్గురు మనుషుల్ని మోస్తూ, ఎవరికీ భారం కాని గొంతుతో తమలో తాము ఏదో చెప్పుకుంటున్నట్టు ఉన్నాయి.

ఒకచోట వేగం తగ్గింది గాని బ్రేకు పడిన జాడ లేదు. ఏమిటని అడిగితే, ముందు రైలు గేటు వేసి ఉందని, అక్కడికి చేరేసరికి తీస్తారని చెప్పింది. నిజంగానే కారు ఆగకుండానే పట్టాలు దాటింది.

"ఆగకుండా ఎందుకమ్మా అంత అవస్థ?"

"బ్రేకు వేసినప్పుడల్లా, ఆ వేగం తెచ్చుకోడానికి కాల్చిన పెట్రోలు పారబోసినట్టే మావయ్యా. ముందే చూసుకుంటే బ్రేకుతో పని తక్కువ."

"ఇదంతా ఎవరు నేర్పారు నీకు?"

ఆమె కాసేపు ఆలోచించింది. "రొట్టెలు," అంది. "వేడిమీద దూదిలా ఉంటాయి కదా. బండి కుదిపితే ఒకదానిమీద ఒకటి పడి నలిగిపోతాయి. నలిగినవి దుకాణం వాళ్ళు తీసుకోరు. మొదట్లో రోజూ కొన్ని వెనక్కొచ్చేవి. అవి తినలేక చచ్చేవాళ్ళం, మీకు గుర్తుందో లేదో."

టర్నరుకి గుర్తుంది. ఒక ఏడాది పాటు ఆ ఇంట్లో పొద్దునా సాయంత్రమూ నలిగిన రొట్టెలే. తర్వాత ఎప్పుడో అవి ఆగిపోయాయి. ఎందుకు ఆగిపోయాయని ఎవరూ అడగలేదు.

దారి పొడుగునా రోడ్డు పక్క బళ్ళు నిలిచిపోయి ఉన్నాయని పెద్దావిడ చెబుతూ వచ్చింది. ఒకచోట ఒకాయన ఖాళీ డబ్బా పైకెత్తి ఊపుతూ రోడ్డు మధ్యకే వచ్చేశాడు. కోడలు వేగం తగ్గించి, కిటికీ దించి, మా దగ్గరే చాలీచాలకుండా ఉందండీ, ఆసుపత్రికి వెళ్తున్నాం అని చెప్పింది. ఆయన తిట్టలేదు. వంగి లోపల ఎవరున్నారో చూసి, వెళ్ళమ్మా అన్నాడు. 

ఘాటు మొదలైందని టర్నరుకి వీపు చెప్పింది. సీటు వెనక్కి వాలినట్టయింది. చెవులు మూసుకుపోయాయి. వాన కూడా అప్పుడే అందుకుంది. రేకు మీద చినుకులు టపటపా పడుతుంటే ఇంజను గొంతు పట్టుకోవడానికి ఆయన ముందుకి వంగాడు. ఇక్కడ కొడుకైతే పెడల్ నేలకి తొక్కేవాడు. ఇంజను గగ్గోలు పెట్టేది, అందరూ గుండెలు అరచేత పట్టుకునేవారు, అదే పికప్ అనుకునేవారు. కోడలు మాత్రం వంపుకి ముందే కాస్త ఊపు కూడగట్టుకుని, ఆ ఊపుతో వంపు తిరిగి, ఊపు చచ్చేలోపు గేరు దించి, మళ్ళీ కూడగట్టుకుంటోంది. ఎవరో మనిషి బరువు మూటతో మెట్లెక్కుతూ, మెట్టు మెట్టుకీ ఊపిరి లెక్క చూసుకుంటున్నట్టు ఉంది.

"అమ్మాయ్, ఆ పసుపు దీపం ఏమిటే?" అంది పెద్దావిడ వెనకనుంచి.

"బండికి ఆకలేస్తోందట అత్తయ్యా."

"పెట్టడానికి నా దగ్గర రొట్టె ముక్క ఉంది."

ముగ్గురూ నవ్వారు.  నవ్వాక టర్నరు, ఎంత దూరం వచ్చామని అడిగాడు. సగానికి పైగా ఎక్కేశామని కోడలు చెప్పింది. ఆ 'పైగా' ఎంతో ఆయన అడగలేదు.

అప్పుడు కారు ఆగిపోయింది. ఇంజను కూడా ఆగింది. పెట్రోలు అయిపోయిందా అన్నాడాయన. కాదట, తనే ఆపిందట. ముందు వంపులో లారీ ఒకటి అడ్డంగా నిలిచిపోయింది. దాన్ని పక్కకి నెట్టడానికి మనుషులు దిగారు. బళ్ళు తక్కువే గనక వరస చిన్నదే. కానీ ఆ వరస నిట్టనిలువు ఎత్తు మీద ఉంది, రోడ్డు తడిసి ఉంది. వెనకాలే ఒక జీపు వచ్చి దగ్గరగా ఆగిందని పెద్దావిడ భయంభయంగా చెప్పింది.

టర్నరు మనసులో రాబోయే క్షణాన్ని ముందే చూస్తున్నాడు. ఎత్తు మీద కారు కదలాలంటే ముందు కాస్త వెనక్కి జారుతుంది. జారకుండా ఉండాలంటే క్లచ్‌ని సగంలో పట్టి, ఇంజన్ని అరిపించాలి. కొడుకు ఎప్పుడూ అంతే చేస్తాడు. అప్పుడు ఒక వాసన వస్తుంది, కాలిన అట్ట వాసన. ప్రతి ఎత్తు మీదా, ప్రతి సిగ్నలు దగ్గరా వచ్చే ఆ వాసన ఆయనకి బాగా అలవాటే.

లారీ కదిలింది. ముందు బళ్ళు ఒక్కొక్కటిగా కదిలాయి. కోడలు ఇంజను స్టార్ట్ చేసింది. టర్నరు చెయ్యి మళ్ళీ పిడి మీదికి వెళ్ళింది. హ్యాండ్‌బ్రేకు లివరు కిర్రుమన్న చిన్న చప్పుడు. ఇంజను గొంతు ఒక్క పిసరు లోతుకి దిగింది, చక్రాలు పట్టు అందుకున్నాయన్నట్టు. అంతే, కారు ముందుకి వెళ్ళింది. ఒక వేలెడు కూడా వెనక్కి జారలేదు. ఆయన ముక్కు ఎగబీల్చాడు. తడిసిన మట్టి వాసన, ఆకుల వాసన. ఇంకే వాసనా లేదు.

అప్పుడాయనకి ఒళ్ళో పెట్టిన ప్లేటు గుర్తొచ్చింది. బొటనవేలి కింద నున్నగా జారిన ఆ అరుగుదల ఎవరిదో ఇక ఒకరు చెప్పక్కర్లేదు. మాటవరసకి తను ఇచ్చిన తీర్పు, దానికి ముందు ఆగిన గుడ్డ చప్పుడు, రెండూ ఒకేసారి చెవిలో మోగాయి.

"అమ్మాయ్," అన్నాడు.

"ఊఁ, మావయ్యా?"

 "ఏం లేదు. నువ్వు చూసుకో," అన్నాడు.

కొండ పైకి చేరేసరికి వాన వెలిసింది. దిగుడు మొదలవగానే ఆయన ప్రాణం లేచొచ్చింది. ఇక న్యూట్రల్లో వెయ్యమ్మా, పెట్రోలు మిగులుతుంది అన్నాడు. తన కాలంలో అందరూ అదే చేసేవారు. ఆమె వెయ్యలేదు. గేరులోనే ఉంచి, కాలు పూర్తిగా తీసేసింది.

"ఈ ఇంజన్లలో గేరులో దిగితేనే పెట్రోలు పూర్తిగా ఆగుతుంది మావయ్యా. చక్రాలే ఇంజన్ని తిప్పుతాయి. న్యూట్రల్ అయితే ఆరిపోకుండా ఉండటానికి అది కాస్త కాస్త తాగుతూనే ఉంటుంది. బండి కూడా మన చెప్పుచేతల్లో ఉండదు."

చక్రాలే ఇంజన్ని తిప్పడం. టర్నరు ఆ మాటని నోట్లో వేసుకున్నట్టు కాసేపు ఉంచుకున్నాడు. మోటారు షాఫ్టుని తిప్పడమే ఆయన ఎరుగును. ఎంత చక్కటి ఏర్పాటు. ఎక్కినప్పుడు కొండకి ఇచ్చిందంతా దిగేటప్పుడు తిరిగి వసూలు చేసుకుంటోంది ఈ అగ్గిపెట్టె. "ఎవరు చేశారో గాని, బుద్ధి పెట్టి చేశారు," అన్నాడు పైకి.  వెనకసీట్లో పెద్దావిడ కునికిపాట్లు పడుతోంది. కోడలు రోడ్డు మీద చూపు పెట్టి ఉంది.

పసుపు దీపం వెలుగుతుండగానే నగరంలోకి వచ్చారు. సమ్మె పుణ్యమా అని రోడ్లు ఖాళీగా ఉన్నాయి. మధ్యాహ్నం కావడానికి ఇంకా చాలా టైముండగా కారు ఆసుపత్రి మెట్ల ముందు ఆగింది. కోడలు తాళం తిప్పి ఇంజను ఆపింది. తర్వాత వెంటనే దిగలేదు. స్టీరింగు మీద రెండు చేతులూ అలాగే ఉంచి, గాఢంగా ఒక ఊపిరి వదిలింది. అంతదూరంలో ఆమె భయపడిందని తెలిపిన చప్పుడు అదొక్కటే.

ఆపరేషను బాగానే జరిగింది. ఒక్క కంటికే. మర్నాడు కట్టు విప్పి, చిల్లులున్న చిన్న గట్టి కవచం పెట్టారు. డాక్టరమ్మ వేళ్ళు చూపించి ఎన్నని అడిగితే, టర్నరు వేళ్ళు అని మాత్రం చెప్పగలిగాడు. మొదటిరోజుకి అంతే చాలని, మెల్లగా తేటపడుతుందని ఆమె అంది. ఎవరి కళ్ళో చెప్పరట. ఆ ఇంటివాళ్ళకి దణ్ణం పెట్టుకోవాలంటే ఎటు తిరగాలో తెలియక, ఆయన కిటికీ వైపు తిరిగి పెట్టుకున్నాడు.

కొడుకు రోజూ ఫోను చేసేవాడు. మొదటిరోజు రొట్టెల్లో చాలా భాగం నలిగిపోయాయట. దుకాణాల వాళ్ళు వెనక్కి ఇచ్చేశారట. ఒకాయన మీ ఆవిడెప్పుడొస్తుందని మొహం మీదే అడిగాడట. ఇదంతా అతను తనమీద తనే నవ్వుకుంటూ తల్లికి చెప్పాడు. తర్వాత ఫోను కోడలికివ్వమన్నాడు. ఆమె వరండాలోకి వెళ్ళి మాట్లాడింది.

సమ్మె తెగిన మర్నాడు బస్సెక్కి వచ్చాడు. పెద్దావిడ, కోడలు మందులు తేవడానికి వెళ్ళినప్పుడు గదిలో తండ్రీకొడుకులే మిగిలారు. టర్నరు ఈ మాట కోసం ఆ నాలుగు రోజులూ కూడబలుక్కుంటూ ఉన్నాడు.

"ఒరే, ఆ క్లచ్ ప్లేటు..."

"నాదే నాన్నా," అన్నాడు కొడుకు.

టర్నరు అతని వైపు తిరిగాడు.

"నీ ఒళ్ళో పెట్టినప్పుడే తెలుసు నాకు. మెకానిక్కు ఆ మాట అన్నప్పుడు నా ఎడమకాలు నాకే గుర్తొచ్చింది. వాళ్ళిద్దరూ ఉన్నారని అలా అనేశాను. తర్వాత నువ్వు తేల్చేశావు. నాకు సులువైపోయింది."

తప్పులో తన వాటా తనకి అందిందని టర్నరుకి అర్థమైంది. కాసేపు మంచం అంచుని వేలితో రాశాడు. "మరి అమ్మాయితో చెప్పావా?"

"చెప్పాను. మొన్న ఫోనులో."

"ఏమంది?"

"ఎన్ని రొట్టెలు నలిగాయని అడిగింది."

టర్నరుకి నవ్వొచ్చింది. నవ్వితే కంటికి మంచిది కాదేమోనని ఆపుకోబోయి, ఆపుకోలేకపోయాడు. కొడుకూ నవ్వాడు. 

"నేను కూడా దానికొక మాట చెప్పాలిరా," అన్నాడు తండ్రి.

చెప్పాడు కూడా. ఆ సాయంత్రం ఆమె చుక్కలమందు వెయ్యడానికి ఆయన తల పట్టుకున్నప్పుడు, ఆ రోజు వసారాలో నేనన్నది తప్పమ్మా, నీ కాలిలాంటి కాలు నేనెరగను అన్నాడు. ఆమె చెయ్యి ఒక్క క్షణం ఆగింది. కదలకండి మావయ్యా, చుక్క పక్కకి పడుతుంది అంది. 

ఇంటికి పంపించిన రోజు పొద్దున కొడుకు కారుని బంకుకి తీసుకెళ్ళి ట్యాంకు నింపించి, మెట్ల దగ్గరికి తెచ్చి ఆపి దిగాడు. తాళం భార్యకిచ్చాడు. ఆమె తీసుకుంది. తీసుకుని, కారు చుట్టూ తిరిగి వెళ్ళి, ఎడమవైపు ముందు తలుపు తెరిచి, ఆగింది.

"ఘాటు దాకా మీరు నడపండి. నేను పక్కన కూర్చుంటాను," అంటూ కారు పైనుంచి తాళం మళ్ళీ అతని చేతికి అందించింది.

అతను ఆమె మొహంలోకి చూశాడు. అందులో ఎత్తిపొడుపు లేదు. పెద్దవాళ్ళిద్దరూ వెనక కూర్చున్నారు. కొడుకు సీటు సర్దుకున్నాడు, అద్దం సర్దుకున్నాడు, అవసరం లేకపోయినా మళ్ళీ సర్దుకున్నాడు. ఎడమకాలు క్లచ్ మీదనించి మెల్లగా ఎత్తమని ఆమె చెప్పింది. బండి కదలగానే ఆ కాలు పూర్తిగా పక్కన పెట్టెయ్యమంది. కారు మెత్తగానే కదిలింది. ఆసుపత్రి గేటు దగ్గర రోడ్డు ఖాళీ అయ్యేదాకా ఆగి, అతను మళ్ళీ కదిలించబోయాడు. కాలు తొందరపడింది. కారు ఒక్క గెంతు గెంతి ఆగిపోయింది. ఇంజను ఆరిపోయింది.

వెనక ఎవరో హారన్ కొట్టారు. దాని వెనక ఇంకొకరు అందుకున్నారు. కొడుకు మెడ ఎర్రబడటం టర్నరుకి కనిపించలేదు గాని, అతని భుజాలు బిగుసుకోవడం ఆ మసకలోనే తెలిసింది. ఇప్పుడు ఆమె ఏమంటుందోనని ఆయన చెవి ఒగ్గాడు. ఆ చోట అతనుంటే ఏమనేవాడో అందరికీ తెలుసు.

"తొందరేం లేదు," అంది కోడలు. "మళ్ళీ స్టార్ట్ చెయ్యండి."

హారన్లు మోగుతూనే ఉన్నాయి. ఆమె కిటికీ అద్దం పూర్తిగా దించి, చెయ్యి బయటపెట్టి, వెనకున్న వాళ్ళని కాస్త ఆగమని సైగ చేసింది.